పణజిలో పడవ మీద పోకర్ గది: ఎదుటివాళ్ల చేతులు చూసి ఆడేవాళ్ల కోసం

గోవా కాసినో పడవల గురించి రాసేవాళ్లు బఫే ఎలా ఉంది, డాన్సులు ఎలా ఉన్నాయి, ఎంట్రీకి ఎంత తీసుకున్నారు అని రాస్తారు. నాకు కావలసిన వివరాలు వేరు. సీట్లో కూర్చుంటే ఎదుటివాళ్లు ఎంతవరకు కనిపిస్తారు? లైటు ఎక్కడ పడుతుంది? చేతులు బల్ల మీదే ఉంటాయా, కిందకి పోతాయా? పోకర్‌లో నా ఆట చాలావరకు దీని మీదే నడుస్తుంది. మాండవి నదిలో లంగరేసి ఉన్న పడవల్లో ఒకదాని పోకర్ గదిని ఆ కంటితో చూసి రాస్తున్న రివ్యూ ఇది. బాగా లేనివి కూడా చెప్పబోతున్నాను కాబట్టి పడవ పేరు రాయడం లేదు.

నా సంగతి కొంచెం చెప్పాలి. కూకట్‌పల్లిలో ఫిజియోథెరపిస్టుని. పొద్దున్నించి సాయంత్రం దాకా చూసేది భుజాలు, మెడలు, మణికట్లే. "ఇప్పుడు నొప్పేం లేదండీ" అంటూనే భుజాన్ని పైకి బిగబట్టే పేషెంట్లు రోజూ వస్తారు. నోటి మాట విని వదిలేస్తే వైద్యం కుదరదు. పేకాట మాత్రం భీమవరం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో నేర్చుకున్నాను, సంక్రాంతి సెలవుల్లో, పదమూడు ముక్కల రమ్మీ. మా చిన్న మావయ్య తీసుకున్న ముక్కని చేతిలో ఏ చివర దూర్చాడో చూసేదాన్ని. ఆట మొదట్లో ముక్కల్ని అటూ ఇటూ తెగ సర్దేవాడు. సర్దడం ఆపేసి, తీసిన ముక్కని తీసినట్టే పడేస్తున్నాడంటే ఇంక ఒక్క ముక్క కోసమే చూస్తున్నాడని మాకు తెలిసిపోయేది. వెంటనే పెద్ద ముక్కలు వదిలించుకునేవాళ్లం.

పోకర్‌లో సర్దుకోవడానికేమీ ఉండదు. చేతిలో రెండే ముక్కలు, మిగతా ఐదు బల్ల మీద అందరికీ కనిపిస్తూ ఉంటాయి. వాటిలో మొదట పడే మూడింటిని ఫ్లాప్, నాలుగోదాన్ని టర్న్, ఐదోదాన్ని రివర్ అంటారు. కాబట్టి చూడాల్సింది ముక్కల్ని పట్టుకున్న మనిషిని.

గోవా దాకా ఎందుకు వెళ్లాలంటే, మన దగ్గర డబ్బు పెట్టి ఆడే దారులు మూసుకుపోయాయి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. అయినా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో దేశమంతటా అవి ఆగిపోయాయి. గోవాలో మాత్రం 1976 నాటి జూద చట్టానికి 1990ల్లో చేసిన సవరణల వల్ల నీళ్ల మీది పడవల్లో టేబుల్ ఆటలు నడుస్తున్నాయి.

ఈ చట్టాల సంగతి ఇక్కడ ఎత్తడానికి కారణం ఉంది. ఇన్నాళ్లూ ఫోన్లో, లాప్‌టాప్‌లో ఆడినవాళ్లు ఇప్పుడు ఈ గదుల్లోకి వస్తున్నారు. లెక్కల్లో వాళ్లు గట్టివాళ్లు. ఏ ముక్కలకి ఎంత బెట్ పెట్టాలి, ఎక్కడ వదిలేయాలి అన్నీ కంఠతా వచ్చు. కానీ తెర వెనక కూర్చుని ఆడినన్నాళ్లూ వాళ్ల చేతుల్ని ఎవరూ చూడలేదు. దాచుకోవాల్సిన అవసరమే పడలేదు. ఫ్లాప్ నచ్చగానే చిప్పుల (డబ్బుకి బదులు వాడే బిళ్లల) వైపు చూస్తారు, నచ్చకపోతే బల్ల మీది ముక్కల్నే గుచ్చి గుచ్చి చూస్తారు. ఎదుటివాళ్లని చదవడం నేర్చుకోవాలనుకునేవాళ్లకి ఇంత మంచి సమయం మళ్లీ దొరక్కపోవచ్చు.

ఇక గది. జెట్టీ నుంచి చిన్న పడవలో తీసుకెళ్లి పెద్ద పడవ ఎక్కిస్తారు. ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి, గుర్తింపు కార్డు తప్పనిసరి. రూలెట్, తీన్ పత్తీ గోలంతా కింది అంతస్తులో ఉంటుంది. పోకర్ గదికి విడిగా తలుపుంది, మూస్తే బయటి చప్పుడు చాలావరకు ఆగిపోతుంది. ఈ ఒక్క ఏర్పాటుకే నేను చాలా మార్కులు వేస్తాను. ఎదుటివాళ్లు ఊపిరి ఎలా తీసుకుంటున్నారో, గొంతు ఎక్కడ మారిందో పట్టుకోవాలంటే నిశ్శబ్దం కావాలి.

కోడిగుడ్డు ఆకారంలో తొమ్మిది సీట్ల టేబుళ్లు. లైటు సరిగ్గా బల్ల మధ్యలో పడుతుంది, నీడలు ముఖాల మీదే కానీ చేతుల మీద పడవు. చాలామందికి ఇది లోపంలా అనిపిస్తుంది. నాకు ఇదే కావాలి. డీలర్‌కి అటూ ఇటూ ఉండే ఒకటో సీటు, తొమ్మిదో సీటు వాళ్లు ఒకరికొకరు కనిపించరు, డీలర్ అడ్డం. డీలర్‌కి ఎదురుగా ఉండే నాలుగు, ఐదు, ఆరు సీట్లలో ఏది దొరికినా టేబుల్ అంతా కనిపిస్తుంది. సీటు ఖాళీ అయినప్పుడు మారతానని ముందే చెప్పి ఉంచితే ఫ్లోర్ మేనేజర్ గుర్తుపెట్టుకుని మరీ పిలుస్తాడు. నాకు ప్రతిసారీ అలాగే మార్చి ఇచ్చారు.

ముఖం గురించి ఒక మాట. పోకర్ అనగానే ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా కూర్చోవడం అనుకుంటాం కదా. ముఖాన్ని అందరూ కాపలా కాస్తారు, అందుకే అక్కడ దొరికేది తక్కువ. 2013లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. రాసినవాళ్లలో మైకేల్ స్లెపియన్‌తో పాటు మన దేశంలో పుట్టిన మనస్తత్వ శాస్త్రవేత్త నళినీ అంబాడీ కూడా ఉన్నారు. 2009 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ (అమెరికాలో ఏటా జరిగే పెద్ద పోకర్ పోటీ) ఆటగాళ్లు బెట్ పెడుతున్న వీడియో ముక్కల్ని మామూలు విద్యార్థులకి చూపించి, ఎవరి చేతిలో ముక్కలు ఎంత బాగున్నాయో చెప్పమన్నారు. ముఖం మాత్రమే చూపించినప్పుడు, కళ్లు మూసుకుని చెప్పినా వచ్చే ఫలితం కన్నా తక్కువ వచ్చింది. చేతులు మాత్రమే కనిపించేలా చూపించినప్పుడు సరైన జవాబులు ఎక్కువ వచ్చాయి. చిప్పులు ముందుకి తోసే కదలిక తడబడకుండా సాగితే ముక్కలు బాగున్నాయని వాళ్లు పట్టుకోగలిగారు. నా క్లినిక్‌లో రోజూ చూసేది కూడా ఇదే. మనిషి తన చేయి ఎలా కదలాలో ఆలోచించడం మొదలుపెట్టాడంటే ఆ కదలిక సాఫీగా ఉండదు.

కానీ చేతులు వణకడాన్ని మాత్రం చాలామంది తప్పుగా చదువుతారు. ఈ గదిలోనే ఒక రాత్రి చూశాను. మూడో సీటులో బెళగావి నుంచి వచ్చిన వ్యాపారి, అరవై దాటిన మనిషి. సాయంత్రం నుంచీ టీ తాగుతూ ఆడుతున్నాడు. కప్పు ఎత్తినప్పుడు, సాసర్లో పెట్టినప్పుడు చేయి చాలా స్థిరంగా ఉంది, అంటే అది వయసు వణుకు కాదు. రివర్ మీద పెద్ద బెట్ పెడుతుంటే మాత్రం ఆయన వేళ్ల మధ్య చిప్పులు టకటకలాడాయి. నా పక్కన కూర్చున్న కుర్రాడు అది భయం అనుకున్నాడు, నవ్వుతూ కాల్ చేశాడు, అంటే అంత డబ్బూ తనూ పెట్టాడు. ఆయన ఫుల్ హౌస్ (ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు ముక్కలు) చూపించాడు.

మంచి ముక్కలు వచ్చినప్పుడు అడ్రినలిన్ ఒక్కసారిగా పొంగుతుంది. ఇంక దాచుకోవాల్సిన టెన్షన్ లేదు కాబట్టి ఒళ్లు దాన్ని అలాగే వదిలేస్తుంది, అందుకే వణుకు. బ్లఫ్ చేసేవాడు, అంటే ముక్కలు బాగాలేకపోయినా పెద్ద బెట్ పెట్టేవాడు, ఒంటిని అదుపులో పెడతాడు. మణికట్టుకి రెండు వైపులా కండరాలు ఒకేసారి బిగుస్తాయి. చేయి వణకదు, బిగుసుకుని కదులుతుంది. మోచేయి పక్కటెముకలకి దగ్గరగా ఉండిపోతుంది. ఈ తేడా కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు, కానీ ఆ మనిషి టీ కప్పు ఎలా పట్టుకున్నాడో అంతకుముందే చూసి ఉండాలి.

నేనున్న ఆట ఒకటి (పోకర్‌లో ఒక్కో పంపకాన్నీ "చేయి" అంటారు) వివరంగా చెబుతాను. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే బెట్లు, 100-200. నా దగ్గర ఆటీను ఆసు, ఆటీను రాణి. రైజ్ చేశాను (బెట్ పెంచాను), ఎనిమిదో సీటులో హుడీ వేసుకున్న అబ్బాయి ఒక్కడే కాల్ చేశాడు. బెంగళూరులో ఉద్యోగం, ఈమధ్యే బల్ల దగ్గర ఆడటం మొదలుపెట్టానని అంతకుముందు తనే చెప్పాడు. ఫ్లాప్‌లో ఇస్పేటు రాణి, ఇస్పేటు ఏడు, కళావరు మూడు. నేను బెట్, అతను కాల్. టర్న్ ఇస్పేటు రెండు. బల్ల మీద మూడు ఇస్పేట్లు అయ్యాయి. అది పడగానే అతను తన ముక్కల అంచు ఎత్తి మళ్లీ చూసుకున్నాడు.

చేతిలో రెండు ముక్కలూ ఒకే రంగు, అంటే రెండూ ఇస్పేట్లే అయితే చాలామందికి అది గుర్తుండిపోతుంది, మళ్లీ చూసుకోనక్కర్లేదు. వేరువేరు రంగులైతేనే ఏది ఇస్పేటో, అసలు ఉందో లేదో సరిచూసుకుంటారు. అంటే ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు) ఇంకా పడలేదు, బహుశా ఒక పెద్ద ఇస్పేటు ఉంది. మళ్లీ బెట్ పెట్టాను, మళ్లీ కాల్ చేశాడు. రివర్ డైమండ్ తొమ్మిది. నేను చెక్ చేశాను, అంటే బెట్ పెట్టకుండా వంతు అతనికి వదిలాను. అతను ఆల్-ఇన్ అన్నాడు, అంటే ఉన్న చిప్పులన్నీ పెడుతున్నానని.

అప్పుడు నేను చూసింది అతని మెడ కింద, కాలర్ బోన్ల దగ్గర. కదలకుండా కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటాడు. హుడీ జిప్పు ఆ లెక్కన పైకీ కిందకీ ఆడుతూ ఉండాలి. ఆడటం లేదు. చిప్పుల్ని రెండు దఫాలుగా తోశాడు, మధ్యలో చేయి ఒక్క క్షణం ఆగింది. నా వైపు రెప్ప వేయకుండా చూస్తున్నాడు. నిజంగా మంచి ముక్కలు ఉన్నవాళ్లు ఎదుటివాళ్లని భయపెట్టాలనుకోరు, పక్కకి చూస్తారు, కాల్ చేస్తే బాగుండునని కోరుకుంటారు. నేను కాల్ అన్నాను. ఇస్పేటు రాజు, డైమండ్ జాకీ చూపించాడు. ఫ్లష్ పడలేదు, నా రాణుల జతే గెలిచింది. "ఎలా చేశారు మేడమ్ కాల్?" అని అడిగాడు. ఆట అయ్యాక బయట డెక్ మీద ఊపిరి సంగతి చెప్పాను. మంచి కుర్రాడు, శ్రద్ధగా విన్నాడు.

అయితే మనిషి మామూలుగా ఎలా ఉంటాడో తెలీకుండా, ఊపిరి ఆగిందని, బిగుసుకుపోయాడని చూసి ఏదీ తేల్చేయలేం. 2003 వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్ ఆఖరి పోటీలో క్రిస్ మనీమేకర్, సామీ ఫర్హా ఆడిన చేయి చూడండి. ఫర్హా దగ్గర తొమ్మిదుల జత ఉంది. ఫ్లష్ పడక, వరస పడక, మనీమేకర్ దగ్గర రాజు తప్ప ఏమీ లేదు. అతను ఆల్-ఇన్ పెట్టాడు. ఫ్లష్ తప్పిపోయి ఉంటుంది కదా అని ఫర్హా పైకే అని కదిలించి చూశాడు. నల్ల కళ్లద్దాల వెనక మనీమేకర్ మాట్లాడలేదు, కదల్లేదు. ఫర్హా ముక్కలు వదిలేశాడు. సరిగ్గానే అనుమానించాడు కానీ, ఆ కదలకపోవడం ఈ ఒక్క చేతికేనా, మనిషే అంతా అన్నది తేలాలి కదా. 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీ గెలిచి అక్కడిదాకా వచ్చిన ఆ అకౌంటెంట్ 25 లక్షల డాలర్లు గెలిచాడు. అందుకే నేను కొత్త టేబుల్‌లో కూర్చున్నాక కాసేపు దాదాపు అన్ని చేతులూ వదిలేస్తాను. ఎవరు మామూలుగా ఎలా కూర్చుంటారో, ఎలా మాట్లాడతారో చూడటానికి ఆ టైమ్ కావాలి.

అన్నిటికంటే తేలిగ్గా దొరికేది మన ఎడమ పక్క. మన తర్వాత ఆడాల్సినవాళ్లు వాళ్లే. వాళ్లలో చాలామంది తమ వంతు రాకముందే ముక్కల్ని వేళ్ల మధ్య పట్టుకుని విసరడానికి సిద్ధంగా ఉంటారు. చిప్పులు చేతిలోకి తీసుకుని కూర్చునేవాళ్లూ ఉంటారు. మన ముక్కలు చూసుకునే ముందు ఎడమ వైపు ఒకసారి చూస్తే చాలు, ఎంతమంది వదిలేస్తారో సగం తెలిసిపోతుంది. కొత్తవాళ్లు ఎదురుగా ఉన్న మనిషి కళ్లలోకి చూస్తూ దీన్ని వదిలేసుకుంటారు.

ఈ గదిలో బాగా లేనివి చెబుతాను. ఆట నడుస్తున్నప్పుడు ఇంగ్లీషు, హిందీ తప్ప వేరే భాష మాట్లాడకూడదని ఇక్కడ నియమం ఉంది. కానీ డీలర్లు దాన్ని పట్టించుకోవడం లేదు. శనివారం రాత్రి నా టేబుల్‌లో ఇద్దరు మన కుర్రాళ్లు పక్కపక్కన కూర్చున్నారు. నేను తెలుగు మనిషినని వాళ్లకి తెలీదు. పాట్ (బల్ల మధ్య పోగైన డబ్బు) పెరుగుతుంటే ఒకడు రెండోవాడితో "నా దగ్గర జాకీల జత ఉందిరా, నువ్వు తప్పుకో" అన్నాడు. డీలర్‌కి అర్థం కాక నవ్వుతున్నాడు. నేను వెంటనే ఆట ఆపమని ఫ్లోర్ మేనేజర్ని పిలిచి, ఏమన్నాడో హిందీలో చెప్పాను. కుర్రాడు తెల్లబోయి "సారీ అక్కా, ఊరికే అన్నాం" అన్నాడు. ఊరికే అనుకోవడానికి అందులో తొమ్మిదిమంది డబ్బుంది. మేనేజర్ ఇద్దర్నీ వేరే వేరే టేబుళ్లకి మార్చాడు, అది మెచ్చుకోవాలి. కానీ ఆ పని డీలర్ మొదటి మాటకే చేసి ఉండాల్సింది. ఎదుటి మనిషిని చూసి పట్టుకోవడం ఆట. చెవిలో ముక్కలు చెప్పుకోవడం దొంగతనం. తమిళం, కన్నడం, గుజరాతీ మాట్లాడేవాళ్లు కూడా ఇలా ఎన్ని చెప్పుకుంటున్నారో అని ఆ రాత్రంతా నాకు అనిపిస్తూనే ఉంది.

రెండోది ఏసీ. మరీ చల్లగా పెడతారు. అందరూ చేతులు స్లీవ్‌ల్లోకి, జేబుల్లోకి దూర్చేస్తారు, హుడీ టోపీ కప్పుకుంటారు. చూడటానికి మనుషులే మిగలరు. అడిగితే కాసేపు తగ్గించారు, గంటకి మళ్లీ మామూలే. మూడో టేబుల్ సరిగ్గా స్పీకర్ కింద ఉంది. శని, ఆదివారాల్లో పై డెక్ మీద పాటలు మొదలైతే అక్కడ కూర్చోవడం దండగ.

మందు విషయంలో నాది వేరే ఫిర్యాదు. సీటు దగ్గరికే తెచ్చి పోస్తూనే ఉంటారు. తాగిన మనిషిని చదవడం తేలిక అనుకుంటారు, నా అనుభవంలో అది అబద్ధం. రెండు పెగ్గుల తర్వాత చేతుల వేగం, గొంతు, ఊపిరి అన్నీ మారిపోతాయి. సాయంత్రం నుంచీ గమనించి పెట్టుకున్నదంతా పనికిరాకుండా పోతుంది. అలాంటి మనిషి మీద నేను ముక్కల బలంతోనే ఆడతాను.

ఆడవాళ్లు ఒంటరిగా రావచ్చా అని క్లినిక్‌లో నన్ను అడిగినవాళ్లున్నారు. ఈ గదిలో నాకు ఇబ్బంది కాలేదు. ఒకసారి ఒకాయన "ఆడవాళ్లకి ఈ ఆటలెందుకు" అని మొదలుపెడితే డీలర్ అమ్మాయి అక్కడికక్కడే హెచ్చరించింది. నేను బెట్ పెడితే నా దగ్గర ముక్కలు ఉన్నట్టే అనుకునే మగవాళ్లు ఇప్పటికీ ఎక్కువ, అది నాకు లాభమే. తిండి పర్వాలేదు, పప్పు, అన్నం దొరుకుతాయి. ఎంట్రీ, పన్నులు తరచూ మారుతున్నాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. తీసుకెళ్లే డబ్బు ఇంట్లోనే లెక్కపెట్టి విడిగా పెట్టుకోండి, అది అయిపోతే చిన్న పడవ ఎక్కేయండి.

వెళ్లేటట్టయితే మంగళ, బుధవారాలు మంచివి. రాత్రి తొమ్మిదికి వెళ్తే రెండు టేబుళ్లు నడుస్తుంటాయి, గోల ఉండదు. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుని బార్ వైపు పోకండి. తలుపు పక్కన గోడ దగ్గర నిలబడి చూడటానికి ఇక్కడ ఎవరూ అడ్డు చెప్పరు. అరగంట అక్కడే నిలబడి ఎవరు చిప్పులు ఎలా తోస్తారో, ఎవరు తమ వంతు రాకముందే ముక్కలు ఎత్తుతారో చూడండి. మీ పేరు పిలిచేసరికి కనీసం ఇద్దరి సంగతి మీకు తెలిసి ఉంటుంది. సీటు ఎంచుకోమంటే ఆ ఇద్దరూ మీ ఎడమ వైపు వచ్చేలా అడగండి.